పండు ఈగకు సర్వే నంబర్లు తెలియవు

కిందటేడు మే నెలలో మా ఊరి నుంచి వెళ్లిన ఒక బంగినపల్లి లోడును మార్కెట్లో కోసి చూశారు. కాయ పైకి నున్నగా ఉంది, రంగు తిరిగింది, మచ్చ లేదు. కోస్తే గుజ్జులో తెల్ల పురుగులు. ఇంకో కాయ కోశారు, అది బాగుంది. మూడోది కోశారు, మళ్లీ పురుగు. ఆ తర్వాత కోయాల్సిన పని వ్యాపారికి లేకపోయింది. లోడు మొత్తానికి ధర సగం చేసి, ఇష్టం లేకపోతే తీసుకెళ్లమన్నాడు. మెత్తబడుతున్న నాలుగు టన్నుల కాయను ఎండలో ఎవరు ఎక్కడికి తీసుకెళతారు? ఇచ్చేసి వచ్చాం.

ఆ రైతు మన సంఘం సభ్యుడే. అశ్రద్ధ మనిషి కాదు. ఆరెకరాల తోటలో అరవై లింగాకర్షక బుట్టలు కట్టాడు. ఏ బుట్ట విప్పినా దోసెడు చచ్చిన ఈగలున్నాయి. ఆ రాత్రి అరుగు మీద కూర్చుని ఆయన అడిగింది ఒక్కటే: "బుట్టలు కట్టాను, రాలిన కాయ ఏరించాను, మందూ కొట్టాను. ఇంకేం చేయమంటారు?"

అప్పుడు మా దగ్గర జవాబు లేదు. ఆ తర్వాత నలుగురిని అడిగి, పుస్తకాలు చదివిన వాళ్ల చేత చెప్పించుకుని, మా తోటలనే మళ్లీ చూసుకుని తెలుసుకున్నది ఇక్కడ రాస్తున్నాం. ముందే చెప్పేస్తున్నాం. ఆయన ఒక్కడు చేయగలిగింది ఇంకేమీ లేదు. మిగిలిన పని పక్క తోటల వాళ్లమైన మాది, ఉద్యానశాఖది.

పండు ఈగ బతుకు ఒకసారి వరసగా చెప్పుకుంటే మందు ఎందుకు పనిచేయదో తెలుస్తుంది. ఆడ ఈగ పక్వానికి వస్తున్న కాయ తొక్కను గుచ్చి లోపల గుడ్లు పెడుతుంది. ఒకటి రెండు రోజుల్లో గుడ్డు పగిలి పురుగు వస్తుంది. వారం, పది రోజులు గుజ్జు తిని పెరుగుతుంది. కాయ రాలిపోతుంది. పురుగు కాయలోంచి బయటపడి మట్టిలో రెండు మూడు అంగుళాల లోతున కోశం కట్టుకుంటుంది. ఇంకో పది రోజులకు ఈగై లేస్తుంది. గుడ్డూ పురుగూ తొక్క లోపల ఉంటాయి, కోశం మట్టి లోపల ఉంటుంది. మన స్ప్రేయరుకు దొరికేది పెద్ద ఈగ ఒక్కటే, అదీ ఆ పూట మన తోటలో ఉంటేనే. పెద్ద ఈగ నెలకు పైగా బతుకుతుంది. ఒక్క ఆడ ఈగ వెయ్యికి పైగా గుడ్లు పెట్టగలదు. ఎండలు ముదిరి ఒకటి రెండు వానలు పడ్డాయంటే వీటి సంఖ్య పెరిగిపోతుంది. అందుకే ముందు కోసే కాయ కొంత తప్పించుకుంటుంది. జూన్ దాకా చెట్టు మీదుండే కలెక్టర్ కాయ, నీలం కాయ దొరికిపోతాయి.

కోతకు ముందు మందు కొట్టడం ఎంత తప్పో మనకు తెలియంది కాదు. అయినా కొడుతున్నాం. ఆ కాయను మన పిల్లలూ తింటున్నారు.

ఇక బుట్ట సంగతి. అందులో పెట్టే చెక్కముక్కకు పట్టించేది మిథైల్ యూజినాల్ అనే నూనె. దీన్ని లింగాకర్షక బుట్ట అంటున్నాం గానీ, నిజానికి ఇది ఆడ ఈగ వాసన కాదు. మొక్కల్లో ఉండే వాసన. మన ఇళ్ల ముందుండే తులసిలోనూ ఉంటుంది. బీహార్‌లోని పూసాలో పనిచేసిన హౌలెట్ అనే ఇంగ్లీషు కీటక శాస్త్రవేత్త 1912లోనే సిట్రొనెల్లా నూనె వాసనకు మగ పండు ఈగలు ఎగబడి వస్తున్నాయని రాశాడు. ఆ నూనెలో ఈగను లాగుతున్నది మిథైల్ యూజినాల్ అని తర్వాత తేలింది. అంటే ఈ సంగతి బయటపడింది మన గడ్డ మీదే, వందేళ్లు దాటింది. ఇవాళ దీన్ని ఏదో విదేశీ పరిజ్ఞానంలా మనకు అమ్ముతున్నారు, అది వేరే విషయం.

ఈ వాసనకు వచ్చేది మగ ఈగ మాత్రమే. గుడ్లు పెట్టి కాయ పాడుచేసేది ఆడ ఈగ. మరి మగ ఈగను చంపితే లాభమేంటంటే, జత దొరకని ఆడ ఈగ పెట్టిన గుడ్డు పగలదు. తోట ప్రాంతంలో మగ ఈగలను దాదాపు లేకుండా చేయగలిగితే తర్వాతి తరం పుట్టదు. ఇక్కడ "దాదాపు" అనే మాట దగ్గరే మనమంతా దెబ్బతిన్నాం. ఒక్క మగ ఈగ చాలా ఆడ ఈగలతో జతకడుతుంది. పది మగ ఈగల్లో తొమ్మిదింటిని చంపినా మిగిలిన ఒక్కటి పని పూర్తి చేస్తుంది. పైగా పక్క తోటలో జతకట్టిన ఆడ ఈగ కంచె దాటి మన తోటకొస్తుంది. దానికి మన బుట్టతో పని లేదు. బుట్ట వైపు చూడకుండా నేరుగా కాయ మీద వాలుతుంది.

ఇప్పుడు మా సభ్యుడి ఆరెకరాలు చూడండి. ఆయన బుట్టల్లో దోసెళ్ల కొద్దీ పడినవి ఆయన తోటలో పుట్టిన ఈగలే కావు, చుట్టూ ఉన్న తోటల మగ ఈగలు కూడా. ఊరి మగ ఈగలను ఆయన తన ఖర్చుతో చంపాడు. ఊరి ఆడ ఈగలు వచ్చి ఆయన కాయలో గుడ్లు పెట్టాయి. బుట్ట నిండింది కాబట్టి పనిచేసినట్టేనని మేమంతా అనుకున్నాం. బుట్ట నిండటం దగ్గరలో ఈగ ఉందనడానికి గుర్తు. కాయ బాగుందో లేదో బుట్ట చెప్పదు. రాలిన కాయ, కోసిన కాయ వారం వారం కోసి చూస్తేనే తెలుస్తుంది.

ఈ చిక్కు మనకొక్కరికే వచ్చింది కాదు. అమెరికాలో వాషింగ్టన్ రాష్ట్రపు ఆపిల్ రైతులకు కాడ్లింగ్ మాత్ అనే రెక్కల పురుగుతో ఇదే గొడవ. దాని పిల్ల పురుగు ఆపిల్‌ను గింజ దాకా తొలుస్తుంది. వాళ్లూ ఏళ్ల తరబడి ఆర్గనోఫాస్ఫేట్ మందులు కొట్టారు. కొట్టిన కొద్దీ పురుగు మొండికేసింది. ఆడ పురుగు మగదాన్ని పిలిచే వాసన ఏమిటో 1971లో కనిపెట్టారు. దాన్ని ఫ్యాక్టరీలో తయారుచేసి, సన్నటి ప్లాస్టిక్ గొట్టాల్లో నింపి, ఎకరానికి సుమారు 400 చొప్పున చెట్ల పైకొమ్మలకు చుట్టి వదిలేశారు. ఇది బుట్ట పద్ధతి కాదు. ఇందులో ఏ పురుగూ చావదు. తోట అంతా ఆడ పురుగు వాసనే నిండిపోతుంది. మగ పురుగుకు ఎటు వెళ్లాలో తెలియదు. తిరణాళ్లలో పదిమంది ఒకేసారి పేరు పెట్టి పిలిస్తే ఎవరు పిలిచారో తెలియక నిలబడిపోతాం చూడండి, దాని పరిస్థితి అదే. జత కుదరదు, పగిలే గుడ్డు ఉండదు.

1991లో అక్కడ దీని అమ్మకానికి అనుమతి వచ్చింది. విడివిడిగా కట్టిన వాళ్లకు నడిమధ్య చెట్లు బాగానే ఉన్నాయి, అంచు వరసలు మాత్రం దెబ్బతిన్నాయి. ఎందుకో మీకు ఈపాటికి తెలిసిపోయి ఉంటుంది. పక్క తోటలో జతకట్టి ఎగిరొచ్చిన ఆడ పురుగే కారణం. కనీసం పదెకరాల ఒకే ముక్క లేకపోతే దీని జోలికి పోవద్దని అక్కడి విశ్వవిద్యాలయం వాళ్లు చెబుతూ వచ్చారు. 1995లో వాళ్ల వ్యవసాయశాఖ, విశ్వవిద్యాలయాలు కలిసి ప్రాంతం మొత్తానికి ఒకేసారి కట్టే పథకం పెట్టాయి. అందులో షెలాన్ దగ్గరున్న హోవర్డ్ ఫ్లాట్ అనే చోట ముప్పై మందికి పైగా రైతులు, దాదాపు 1200 ఎకరాలు, ఒకే పటం గీసుకుని కట్టారు. ఎవరి తోటలో ఎన్ని పురుగులు పడుతున్నాయో అందరికీ తెలిసేట్టు లెక్క రాసి పెట్టుకున్నారు. ఒకటి రెండేళ్లలోనే మందు కొట్టడం బాగా తగ్గింది. ఇవాళ ఆ రాష్ట్రంలో ఆపిల్ తోటల్లో చాలా భాగం ఈ పద్ధతిలోనే ఉంది.

ఆ రైతులు మనకంటే పెద్ద ఆసాములు, నిజమే. కానీ గమనించాల్సింది వాళ్ల ఎకరాలను కాదు. వాసన అదే, గొట్టం అదే, పురుగు అదే. విడిగా కట్టినప్పుడు అంచులు పోయాయి, కలిసి కట్టినప్పుడు అంచే లేకుండా పోయింది.

మిథైల్ యూజినాల్‌తోనూ ఇలాంటి దాఖలాలు ఉన్నాయి. పసిఫిక్‌లో రోటా అనే చిన్న దీవిలో 1960లలో ఈ నూనె, పురుగుమందు పట్టించిన ముక్కలను విమానంలోంచి దీవి అంతా చల్లి పండు ఈగను పూర్తిగా లేకుండా చేశారు. జపాన్ కూడా తన దక్షిణ దీవుల్లో మగ ఈగలను ఇలాగే ఏళ్ల తరబడి చంపి, 1986 నాటికి ఈ ఈగ నుంచి బయటపడింది. అవి దీవులు, చుట్టూ సముద్రం. మనకు చుట్టూ తోటలు, జామ, సపోటా, పెరటి చెట్లు. మనం ఈగను లేకుండా చేయలేం, అణచగలం. అంతకంటే ఎక్కువ చెప్పే దుకాణదారును నమ్మొద్దు.

మా ఊళ్లో మామిడి ఉన్నవాళ్లం డెబ్బై మందిమి దాకా ఉంటాం. కిందటేటి దెబ్బ తర్వాత చెరువు కింద వైపు ఒకే ముక్కగా ఉన్న తోటల వాళ్లం పదకొండు మందిమి కూర్చుని మాట్లాడుకున్నాం. ఈ ఏడు ఫిబ్రవరి ఆఖరికల్లా అందరం ఒకే వారంలో బుట్టలు కట్టాం. బంగినపల్లి కోతకు ఇంకా రెండు నెలలుందనగా అన్నమాట. అంతకుముందు కాయకు రంగు తిరిగేదాకా ఎవరికీ బుట్ట గుర్తొచ్చేది కాదు. అప్పటికే ఒక తరం ఈగ జతకట్టి ఉంటుంది. రాలిన కాయను వారానికి రెండుసార్లు ఏరి, మందపాటి ప్లాస్టిక్ సంచుల్లో మూతికట్టి ఎండలో పడేశాం. కొందరు రెండడుగుల గొయ్యి తీసి పూడ్చారు. ఆడ ఈగ కోసం బెల్లం నీళ్లలో మలాథియాన్ కలిపి మొదళ్ల మీద, కింది కొమ్మల మీద మాత్రం చల్లాం. కాయ మీద పడనివ్వలేదు.

ఫలితం ఎలా ఉందో ఉన్నది ఉన్నట్టు చెబుతాం. నడిమధ్య తోటల్లో కోసి చూసిన కాయలో పురుగు అరుదుగా కనిపించింది. ఏళ్ల తర్వాత వ్యాపారి కత్తి తీస్తే గుండె గుబేలుమనలేదు. తూర్పు అంచున ఉన్న ఇద్దరికి మాత్రం పురుగు తగిలింది. వాళ్ల గట్టు అవతలున్నది గుత్తకిచ్చిన తోట. అందులో ఒక్క బుట్ట లేదు, రాలిన కాయ చెట్ల కింద అలాగే కుళ్లింది. ఒక్క సీజన్ చూసి గొప్పలు చెప్పుకోవడం రైతుకు తగదు. వచ్చే ఏడు కూడా చూడాలి.

ఆ గుత్త తోట గురించి కాస్త ఎక్కువ మాట్లాడాలి, ఎందుకంటే అసలు ముడి అక్కడే ఉంది. మన ప్రాంతంలో సగానికి సగం తోటలు పూత మీదనో పిందె మీదనో గుత్తకు పోతున్నాయి. యజమాని పట్నంలో ఉంటాడు, లేదా అప్పు తీర్చడానికి ముందే డబ్బు తీసుకుని ఉంటాడు. గుత్తదారుకు కావలసింది ఈ ఏటి కాయ. కోత అయిపోయాక నేలలో ఎన్ని కోశాలు మిగిలాయన్నది అతని బాధ కాదు, వచ్చే ఏడు అతను ఏ తోట పడతాడో అతనికే తెలియదు. యజమానికేమో కాయ తనది కాదు, కాబట్టి బుట్ట ఖర్చు తనదెందుకవుతుంది? ఇలా ఇద్దరి మధ్యా ఈగ బతుకుతోంది.

మేము వెళ్లి ఆ గుత్తదారుతో మాట్లాడాం. చెడ్డ మనిషేం కాదు, మనలాంటి చిన్న రైతే, వడ్డీకి తెచ్చి తోట పట్టాడు. "బాబాయ్, నేను బుట్టలు కట్టనన్లేదు. సబ్సిడీ బుట్టలకు వెళితే పాసుపుస్తకం అడిగారు. యజమానికి ఫోన్ చేస్తే వారం దాకా ఎత్తలేదు. పూర్తి ధర పెట్టి కొనాలంటే నా వల్ల కాదు" అన్నాడు. ఏమనగలం? 2019లో మన రాష్ట్రంలో పంట సాగుదారుల హక్కుల చట్టం వచ్చింది. కౌలు రైతుకు కార్డు ఇవ్వాలన్నారు. దానికి యజమాని ఒప్పుకోలు కావాలి. ఇక నాలుగు నెలలకు కాయ మాత్రం కొనుక్కున్న గుత్తదారును సాగుదారుగా ఎవరు లెక్కేస్తారు? ఈగ మాత్రం అతని తోటను తోటగానే లెక్కేస్తోంది.

అందుకే ఈ సంఘం తరఫున మేము అడుగుతున్నది రైతుకు పది బుట్టల చొప్పున పంచడం కాదు. అలా పంచితే ఊళ్లో అక్కడో తోట, ఇక్కడో తోట బుట్టలు వేలాడతాయి, ఫొటోలు బాగా వస్తాయి, కాయ బాగుండదు. ప్రజల డబ్బు మాత్రం ఖర్చయినట్టు లెక్క ఉంటుంది. వంద ఎకరాల ఒకే ముక్కను తీసుకుని, అందులో ఉన్న ప్రతి తోటకూ, పాసుపుస్తకం ఎవరి పేరున ఉన్నా, కాయ ఎవరిదైనా, చెట్టు లెక్కన ఇవ్వాలి. పెరట్లో రెండు మామిడి చెట్లున్న ఇంటికీ ఒక బుట్ట ఇవ్వాలి. ఆ ముక్క బాగుంటే పక్కనున్న వాళ్లే వచ్చి అడుగుతారు. సమగ్ర సస్యరక్షణ పేరుతో ఉద్యాన మిషన్‌లో డబ్బు ఉంది. లేనిది ముక్కల లెక్కన ఖర్చు పెట్టాలన్న ఆలోచనే.

రెండో సంగతి సమయం. బుట్టలు ఏప్రిల్లో వస్తున్నాయి. ఏప్రిల్లో వచ్చిన బుట్ట పెళ్లయ్యాక వచ్చిన శుభలేఖ లాంటిది. జనవరి ఆఖరుకు రైతు సేవా కేంద్రంలో ఉండాలి. ఎరను నెలన్నర, రెండు నెలలకు మార్చాలి కాబట్టి రెండో విడత ఎర కూడా అప్పుడే ఇవ్వాలి. ఇప్పుడు బుట్టతో పాటు వచ్చిన ఒక్క ఎరతోనే కోత దాకా లాగిస్తున్నాం. అది మార్చి దాటేసరికి వాసన చచ్చిన చెక్కముక్క.

ఎర సంగతి ఇంకా ఉంది, ఇక్కడ మోసమూ ఉంది. ప్లైవుడ్ ముక్కను స్పిరిట్టు, మిథైల్ యూజినాల్, పురుగుమందు ఆరు, నాలుగు, ఒకటి పాళ్లలో కలిపిన ద్రావణంలో రెండు మూడు రోజులు నానబెట్టి తీస్తే ఎర తయారవుతుంది. పెద్ద విద్యేం కాదు. నూనె ఖరీదు కాబట్టి అది తగ్గించి స్పిరిట్టు పెంచి అమ్మే వాళ్లున్నారు. రెండు వారాలకే వాసన పోతుంది, రైతు బుట్ట పద్ధతి మీదే నమ్మకం పోగొట్టుకుంటాడు. ఇంకో ప్రమాదం చాలామందికి తెలియదు. మగ ఈగ ఈ నూనెను తాగుతుంది. తాగి బతికి బయటపడితే దాని ఒంట్లో అది ఆడ ఈగను ఆకర్షించే వాసనగా మారుతుంది. మామూలు మగ ఈగల కంటే దానికే తొందరగా జత కుదురుతుందని శాస్త్రవేత్తలు చూసి రాశారు. అంటే మందు లేని ఎరను బయట వేలాడదీయడం మగ ఈగకు అత్తరు పూసి పంపించడమే. కొందరు డబ్బు కలిసొస్తుందని నూనె దూదిని ఉత్తినే కొమ్మకు కట్టడం చూశాం. దయచేసి ఆ పని మానండి.

మందు అంటే ఏ మందు? వెనకటి పుస్తకాల్లో, ఇప్పటికీ కొన్ని గోడపత్రికల్లో డైక్లోర్వాస్ అని ఉంటుంది. మనం నువాన్ అనేవాళ్లం. అది 2020 డిసెంబరు 31 నుంచి మన దేశంలో నిషేధం. ఎవరి అటకమీదైనా పాత సీసా ఉంటే వాడొద్దు. మలాథియాన్ వాడుతున్నారు. చెక్కముక్కను ఉత్త చేత్తో ముట్టుకోకండి, నానబెట్టే గిన్నెను వంటింటి దరిదాపులకు రానివ్వకండి. బుట్టను మనిషి ఎత్తులో, చెట్టు నీడలో, ఆకులు అడ్డం రాకుండా కట్టాలి.

దుకాణాల్లో ఇంకో తికమక. బీర, కాకర, దోసకు వచ్చే ఈగ వేరు. దాని ఎర క్యూల్యూర్. బుట్ట ఒకేలా ఉంటుంది, ఎర వేరు. మామిడి రైతుకు క్యూల్యూర్ అంటగట్టిన సందర్భాలు మాకు తెలుసు. అది కట్టినవాడు రెండు నెలలు ఖాళీ బుట్ట చూసి, తన తోటలో ఈగ లేదని సంబరపడ్డాడు పాపం. ప్యాకెట్ మీద ఏ ఎరో తెలుగులో రాయాలి, తయారైన తేదీ వేయాలి, మందుల నమూనాలు తీసి పరీక్షించినట్టే ఎర నమూనాలు తీసి పరీక్షించాలి. ఇది కూడా మన డిమాండ్లలో చేర్చాం.

ఖర్చు మీరే పెట్టుకోవచ్చు కదా అని అధికారులు అడుగుతారు. ఎకరానికి పది బుట్టల ఖర్చు ఒక దఫా మందు కొట్టే ఖర్చుకు అటూ ఇటూగా ఉంటుంది, నిజమే. మంచి ధర ఉన్న ఏడు ఎవరూ వెనకాడరు. కానీ 2025లో చిత్తూరు తోతాపురి రైతుకు ఏం జరిగింది? కిలోకు ఫ్యాక్టరీలు ఎనిమిది రూపాయలు, ప్రభుత్వం నాలుగు రూపాయలు ఇస్తాయని ప్రకటించాల్సిన పరిస్థితి వచ్చింది. మన కలెక్టర్ కాయ, వాళ్ల తోతాపురి ఒకటే. కోత కూలి, కిరాయి పోగా ఏం మిగులుతుందో తెలియని కాయకు ఫిబ్రవరిలోనే బుట్ట కొనమంటే ఎవరు కొంటారు? కొనని తోట ఒక్కటున్నా కొన్న వాళ్ల ఖర్చు వృథా. గిట్టుబాటు ధర పోరాటం వేరు, పురుగు పోరాటం వేరు అనుకునే మిత్రులు ఈ సంగతి ఆలోచించాలి.

ఎగుమతి మాట వస్తే ప్రభుత్వానికి చప్పున చెవులు తెరుచుకుంటాయి కాబట్టి అదీ చెబుతున్నాం. 2014 మే 1 నుంచి యూరప్ దేశాలు మన దేశపు మామిడిని ఆపేశాయి. సరుకులో పండు ఈగ దొరకడమే కారణం. 2015 జనవరిలో గానీ ఎత్తేయలేదు. ఆ తర్వాత వేడినీటి శుద్ధి, ఆవిరి శుద్ధి కేంద్రాల మీద శ్రద్ధ పెరిగింది. మంచిదే. కానీ అవి లారీ ఎక్కిన కాయలోని గుడ్డును చంపుతాయి, తోటలో ఈగను తగ్గించవు. ఎగుమతి కాని కాయ, అంటే మనలో ఎక్కువమంది కాయ, ఆ గుమ్మం కూడా తొక్కదు.

చివరగా ఈ బుట్ట పనిచేయని పురుగు ఒకటుంది. మన కోస్తా తోటల్లో పిందె దశ నుంచే కాయ కింది మొనను తొలిచి టెంక దాకా పోయే ఎర్ర చారల పురుగు, మనం కాయతొలుచు పురుగు అంటాం. అది ఈగ కాదు, రెక్కల పురుగు, ఆపిల్ పురుగు లాంటిదే. మిథైల్ యూజినాల్‌కు రాదు. దీని ఆడ పురుగు వాసన ఏమిటో 2007లోనే న్యూజిలాండ్, ఆస్ట్రేలియా, పాపువా న్యూగినియా శాస్త్రవేత్తలు కలిసి ప్రకటించారు. ఆపిల్‌కు చేసినట్టు, వాసన నింపి జత కుదరకుండా చేసే పద్ధతికి పనికొచ్చే పురుగు ఇదే. పత్తిలో గులాబీ రంగు పురుగుకు ఇలాంటి తాళ్లు, పేస్టు మన దేశంలో ఇప్పటికే రైతుల పొలాల్లోకి వచ్చాయి. అమెరికా ఇలాంటి తాళ్లు, బీటీ పత్తి, గొడ్డు పురుగులను వదలడం అన్నీ కలిపి చేసి 2018లో ఆ పురుగు తమ దగ్గర లేదని ప్రకటించుకుంది. మామిడికి ఎందుకు రాకూడదు? మన ఉద్యాన విశ్వవిద్యాలయం వాళ్లు దీన్ని ఒక పరిశోధన క్షేత్రంలో నాలుగు చెట్ల మీద కాకుండా, రైతుల తోటల్లో వంద ఎకరాల ఒకే ముక్కలో చేసి చూపించాలి. ముక్క మేమిస్తాం.

డిసెంబరు రెండో ఆదివారం ఉదయం మా ఊరి రామాలయం దగ్గర కూర్చుంటున్నాం. రెవెన్యూ పటం తెచ్చి, చెరువు కింద తోటలన్నీ రంగు వేసి, ఏది ఎవరి సాగు, ఏది గుత్త, ఏ పెరట్లో చెట్లున్నాయో రాసుకుంటాం. తూర్పు అంచు తోట యజమానికి ఫోన్ దొరికింది. వస్తానన్నాడు. గుత్తదారూ వస్తానన్నాడు. బుట్ట ఖర్చును గుత్త డబ్బులోంచి తగ్గించుకుని, కోత తర్వాత రాలిన కాయ ఏరే బాధ్యత గుత్తదారుదిగా కాగితం మీద రాసుకునే ప్రతిపాదన పెడుతున్నాం. ఇలాంటి కాగితం మీ ఊళ్లో ఎవరైనా ఇప్పటికే రాసుకుని ఉంటే ఒక నకలు పట్టుకుని రండి. మాకు రాయడం రావడం లేదు.